రిఫ్లెక్సాలజీకి వెళ్లే ముందు తెలుసుకోవలసిన సంగతులు

అవ్వకు కాళ్లు పట్టి పెరిగిన కర్నూలు వారికి పాదాలు ఒత్తించుకోవడం కొత్త కాదు. అయితే రిఫ్లెక్సాలజీలో పిక్కలు పిసకడం, నూనె రుద్దడం కన్నా, చేతి బొటనవేలి కొసతో అరికాలిని నొక్కుతూ కొద్దికొద్దిగా ముందుకు జరగడమే ప్రధానం. అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన విలియం ఫిట్జెరాల్డ్ శరీరాన్ని 10 నిలువు భాగాలుగా ఊహించగా, 1930లలో యూనిస్ ఇంగామ్ ఆ ఊహను పాదాలకు అన్వయించి, బొటనవేలు తలకు, పాదం లోపలి అంచు వెన్నెముకకు చెందుతాయంటూ పటం రూపొందించారు. శరీర శాస్త్రం ఈ పటాన్ని సమర్థించదు. కాబట్టి నొక్కితే షుగరు తగ్గుతుందనే మాటను నమ్మనక్కరలేదు. అలసట తీరి, మనసు కుదుటపడటానికి వెళ్లేవారికే ఈ సూచనలు.

షుగరు ఉన్నవారు ముందుగా తమ పాదాలను తామే పరీక్షించుకోవాలి. వ్యాధి ముదిరితే అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది గనుక, ఒత్తిడి ఎక్కువైనా నొప్పి తెలియదు; ఎండాకాలపు మడమ పగుళ్లలో చిన్న గాయమైనా అది పుండుగా మారే ప్రమాదముంది. ఉగాదికి నల్లమల గుండా శ్రీశైలానికి నడిచి వెళ్లినవారు బొబ్బలు మానేవరకు ఆగాలి. కాలి సిరలో రక్తం గడ్డకట్టినవారు, ఎముక విరిగినవారు దీని జోలికి పోకూడదు. గర్భిణులు వైద్యుని అడగకుండా వెళ్లకూడదు.

భోజనం చేసిన వెంటనే కాక, గంట తర్వాత వెళ్లడం మేలు. మొదట మీ ఆరోగ్యం గురించి అడుగుతారు. అడగకుండానే పని మొదలుపెట్టే చోటు నుంచి లేచి రావడమే మంచిదని నా అభిప్రాయం. తరువాత పాదాలు కడిగి, వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టి, అరగంట నుంచి గంట వరకు రెండు పాదాలనూ నొక్కుతారు. బట్టలు మార్చుకోనక్కరలేదు, మోకాళ్ల వరకు ఎత్తుకోగలిగిన వదులైన పంచె, చీర, ప్యాంటు ఏదైనా చాలు. కొన్ని చోట్ల తీయని నొప్పి పుడుతుంది. అది పళ్లు బిగించుకునేంత నొప్పి అయితే మొహమాటపడకుండా తగ్గించమని చెప్పాలి, ఎందుకంటే ఓర్చుకున్నంత మాత్రాన ఫలితమేమీ పెరగదు. నొప్పి పుట్టిన చోటును చూపి "మీ కాలేయం బలహీనంగా ఉంది" అన్నా బెదిరిపోనక్కరలేదు. కాలేయం సంగతి తేల్చేది రక్తపరీక్షే. ఆ మాటతో పది విడతల రుసుము ముందే కట్టమన్నప్పుడు మాత్రం జాగ్రత్తపడాలి.

పూర్తయ్యాక మగతగా ఉండటం సహజం. నీళ్లు తాగమంటారు, దానివల్ల విషపదార్థాలు బయటికి పోతాయన్నది రుజువు కాకపోయినా, మన ఎండలకు తాగడం మంచిదే. అరికాళ్లకు నూనె మిగిలి ఉంటే చెప్పులు జారతాయి కనుక శుభ్రంగా తుడిపించుకుని, మగత తీరేవరకు కూర్చుని, ఆ తరువాతే బండి తీయాలి.