బండి ఊగుతోందా? గాలిని తిట్టే ముందు ఇవి చూడండి

హైవే మీద 80 దాటగానే బైకు పాములా మెలికలు తిరుగుతోంది, గాలి వల్లేనా అని అడిగితే నేను ముందు అడిగేది టైర్లో గాలి ఎప్పుడు చూశారని. పంక్చర్ షాపులో కొట్టించాం కదా అంటారు, ఎంత కొట్టాడో తెలీదు. టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి స్టిక్కర్ మీద రాసినంత ఉండాలి. నా 150 సీసీ బండికి ముందు 25 psi, వెనక 28, ఇద్దరెక్కితే వెనక 32. దయచేసి ఇది వదిలేయకండి.

అది సరిగ్గానే ఉంటే, గాలి లేని తెల్లవారుజామున అదే రోడ్డు మీద అదే స్పీడులో వెళ్ళి చూడండి. అప్పుడు ఊగకపోతే నిజంగా గాలే, స్పీడు తగ్గించి మోకాళ్ళతో ట్యాంకు పట్టుకుని చేతులు వదులుగా ఉంచండి. ఎడమ నుంచి గాలి కొడుతుంటే బండి మనకి తెలీకుండానే ఎడమకి వాలి ఉంటుంది, లారీని కుడి నుంచి దాటేటప్పుడు లారీ ఆ గాలిని ఆపేస్తుంది కాబట్టి బండి లారీ వైపే జరుగుతుంది, ముందుకి రాగానే ఒక్కసారిగా కుడికి తోస్తుంది. అందుకే లారీకి బాగా దూరంగా దాటండి.

గాలి లేకపోయినా ఊగిందా? అయితే కోన్ సెట్ చూడండి, అంటే హ్యాండిల్ మెడలో అది తిరగడానికి ఉండే బాల్స్, కప్పులు. నేను రెండు నెలలు మోసపోయింది దీని దగ్గరే, రాజమండ్రి బ్రిడ్జి మీద ఊగిందని గోదావరి గాలి అనుకున్నా, టైరు కూడా మార్పించా, తగ్గలేదు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా కూర్చోబెట్టి ముందు చక్రం లేపి, హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడ్డట్టు ఆగితే బాల్స్ తిరిగే కప్పులు అరిగిపోయినట్టే. ఫోర్కుల్ని, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల్ని, కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్ టక్ అంటే లూజు. లూజు మాత్రమే అయితే టైట్ చేస్తే చాలు. గాడి పడ్డదాన్ని మాత్రం బిగించి పంపేస్తే ఒప్పుకోకండి, హ్యాండిల్ ఆ గాడిలో ఇంకా గట్టిగా ఇరుక్కుని బండి నేరుగా పోదు. పైదీ కిందదీ రెండూ మార్పించి, గ్రీజు నిండా పెట్టించండి, బిగించాక హ్యాండిల్ కొంచెం తోస్తే దానంతటదే పక్కకి వాలాలి. వాటర్ సర్వీసింగ్ వాళ్ళు ప్రెషర్ గన్ హ్యాండిల్ మెడ మీద కొడితే గ్రీజు కొట్టుకుపోతుంది, అక్కడ కొట్టనివ్వకండి.

వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగిపోవడం, ఫోర్కు వంగడం లాంటివి కూడా ఉంటాయి గానీ, బండి ఎక్కడా గుద్దకపోతే ఫోర్కు వంగడం చాలా అరుదు.