చూపు తక్కువున్న పిల్లలకు యూడీఐడీ కార్డు: హైదరాబాద్‌లో దరఖాస్తు, దూరపు చూపు పరీక్ష

తెలంగాణలో చాలామందికి తెలిసిన పేరు సదరం సర్టిఫికెట్. ఇప్పుడు దరఖాస్తు చేయాల్సింది దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు. ఫారం నింపడం పెద్ద పనేమీ కాదు. కార్డు మీద పడే వైకల్య శాతం మాత్రం చాలావరకు పిల్లల దూరపు చూపు కొలత మీదే ఆధారపడుతుంది. అక్షరాలు రాని పిల్లలు, కొత్త చోట బెదిరిపోయే పిల్లలు ఆ కొలత దగ్గరే నష్టపోతారు. అందుకే ఇక్కడ ఫారం కన్నా పరీక్ష గురించే ఎక్కువ చెబుతున్నాను.

ముందు అర్హత. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సరైన కళ్లద్దాలు పెట్టాక, రెండింట్లో మెరుగైన కంటి చూపునే లెక్కిస్తారు. ఆ కంటి చూపు 3/60 కన్నా తక్కువైతే అంధత్వం. అంతకు మించి ఉన్నా 6/18 స్థాయిని అందుకోకపోతే అల్పదృష్టి. ఈ అంకెల అర్థం చెప్పాలంటే, ఉదాహరణకు 6/60 అంటే మామూలు చూపున్నవారు 60 మీటర్ల నుంచి గుర్తుపట్టేదాన్ని ఈ బిడ్డ 6 మీటర్ల దగ్గరికొస్తేనే గుర్తుపడుతుందని అర్థం. చుట్టూ కనిపించే మేర బాగా కుంచించుకుపోయినా లెక్కలోకి వస్తుంది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్నవారికి వచ్చేది 30 శాతమే. చాలా పథకాలకు కనీసం 40 ఉండాలి. అద్దాలతో చక్కబడే చూపుకు, పవర్ ఎంత ఎక్కువున్నా, శాతం రాదు.

కాబట్టి దరఖాస్తుకు ముందే పిల్లల కంటి విభాగంలో చూపించండి. మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆస్పత్రి ప్రభుత్వానిదే. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో అల్పదృష్టి ఉన్నవారికి ప్రత్యేక సేవలున్నాయి. చుక్కల మందు వేసి పవర్ చూడాలి, అద్దాలు రాస్తే వాడాలి. మెల్లకన్ను, సోమరి కన్ను (చిన్నతనంలో చూపు సరిగా ఎదగని కన్ను) ఉంటే చికిత్సే ముందు. కార్డు తర్వాతైనా వస్తుంది, చికిత్స వయసు మాత్రం దాటిపోతుంది.

దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్‌లో ఉచితం. బిడ్డ ఆధార్, ఈమధ్య తీసిన ఫొటో, చిరునామా ఆధారం, పాత ఆస్పత్రి కాగితాలు స్కాన్ చేసి పెట్టుకోండి. లోపం రకం దగ్గర అంధత్వమా, అల్పదృష్టా సరిచూసి ఎంచుకోండి. తల్లి లేదా తండ్రి దగ్గర ఎప్పుడూ ఉండే ఫోన్ నంబరే ఇవ్వండి. వచ్చిన నమోదు సంఖ్యను దాచుకోండి. ప్రైవేటు రిపోర్టు జతచేయవచ్చు కానీ, సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులే.

ఇక పరీక్ష. చంటిపిల్లలకు టెల్లర్ కార్డులు వాడతారు. బూడిద రంగు అట్ట మీద ఒకవైపు చారలుంటాయి, బిడ్డ చూపు అటు లాగుతుందో లేదో డాక్టర్ గమనిస్తారు. ఏడాది దాటినవారికి కార్డిఫ్ కార్డుల మీద చేప, పడవ లాంటి బొమ్మలుంటాయి. ఇలా కొలిచిన చూపు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపించవచ్చు. అందుకే బిడ్డ బొమ్మల పేర్లు చెప్పే వయసుకు వచ్చాక మళ్లీ కొలవాలి. మూడేళ్ల ప్రాంతంలో ఫిన్లాండ్ కంటి వైద్యురాలు లియా హువారినెన్ రూపొందించిన లియా బొమ్మలు బాగా పనికొస్తాయి. యాపిల్, ఇల్లు, చతురస్రం, గుండ్రం, ఈ నాలుగే. పేరు చెప్పనక్కర్లేదు, ఒళ్లో ఉన్న అట్ట మీద అలాంటిదే వేలితో చూపిస్తే చాలు. ఈ ఆటను ఇంట్లో ముందుగానే, దగ్గర నుంచి మొదలుపెట్టి ఆడించండి. చార్టు వరుసలు మాత్రం బట్టీ పట్టించకండి, దానివల్ల నష్టపోయేది బిడ్డే.

చూపు బాగా తక్కువైతే చార్టును 3 మీటర్లకు, ఒక మీటరుకు దగ్గరికి తెస్తారు. పై గుర్తు కూడా కనిపించకపోతే వేళ్లు లెక్కపెట్టించడం, చేతి కదలిక, వెలుతురు వరుసగా చూస్తారు. ఒక్కొక్క గుర్తే విడిగా చూపిస్తే సోమరి కంటికి లేని చూపు ఉన్నట్టు తేలుతుంది. చుట్టూ గీతలు లేదా పక్కన గుర్తులు ఉన్న చార్టు కావాలని అడగడానికి మొహమాటపడకండి. కనుగుడ్లు ఊగే పిల్లలకు ముందు రెండు కళ్లూ తెరిచి ఉంచి కొలవమనండి, ఒకటి మూస్తే ఊపు పెరిగి చూపు ఇంకా తగ్గుతుంది. తల పక్కకు తిప్పి చూసే బిడ్డ తలను నిటారుగా పట్టవద్దు, ఆ కోణంలోనే వాళ్లకు బాగా కనిపిస్తుంది. వెలుతురు పడని పిల్లలకు టోపీ, రంగు అద్దాలు తీసుకెళ్లండి.

ఆ రోజు కడుపునిండా తిండి పెట్టి, నిద్ర చెడకుండా, వాడే అద్దాలతో తీసుకెళ్లండి. ఏడుస్తూ పరీక్షకు ఒప్పుకోకపోతే మరో తేదీ అడగడం మీ హక్కనుకోండి. ఊహించి రాసిన అంకె మీద బిడ్డ బడి, పింఛను ఆధారపడకూడదు. జవాబు చెప్పలేని బిడ్డకు మెదడు దాకా అందే సంకేతాన్ని కొలిచే వీఈపీ పరీక్ష ఉంటుంది.

చూపు మారే అవకాశం ఉంటే తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని గడువు తేదీ రాసిపెట్టుకుని మళ్లీ చూపించాలి. శాతం తప్పనిపిస్తే చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా దక్కుతుంది. కార్డు జిరాక్సు బడిలో ఇచ్చేటప్పుడే దూరపు చూపు కొలత కూడా చెప్పి, బిడ్డను ముందు బెంచీలో కూర్చోబెట్టమని, బోర్డు మీద రాసింది పైకి చదివి వినిపించమని టీచరును అడగండి.