నడుస్తూ వాడే పరికరాన్ని నడిపించే పరీక్షించాలి

స్మార్ట్‌వాచ్, ఉంగరం, ఒంటిచేతి కీబోర్డ్... ఏదైనా సరే, కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే బాగానే పనిచేస్తుంది. నడకలో సెకనుకు దాదాపు 2 అడుగులు పడతాయి, పడిన ప్రతిసారీ మణికట్టు అదురుతుంది. వేలు పక్క బటన్ మీద పడేది అప్పుడే.

ముందు ఆఫీసు కారిడార్‌లో టేపుతో 25 మీటర్లు కొలిచి, 4 మీటర్లకో ప్లాస్టిక్ కోన్ పెట్టండి. మనిషిని ఖాళీ చేతులతో 3 సార్లు నడిపించి సగటు రాసుకోండి. ఇది లేకపోతే తర్వాత కొలిచేదంతా దండగ. తప్పులు పడకూడదని జనం తమకు తెలియకుండానే నడక తగ్గించేస్తారు మరి. ఖాళీ చేతులతో 20 సెకన్లు పట్టిన దూరానికి టైప్ చేస్తూ 25 పట్టిందంటే, వేగం 80 శాతానికి దిగినట్టు. తప్పులు తక్కువని మురిసిపోయేముందు ఈ అంకె చూసుకోండి.

టైపింగ్ వేగానికి అక్షరాల సంఖ్యలోంచి 1 తీసేసి, సెకన్లతో భాగించి, 60తో గుణించి, 5తో భాగించాలి (5 అక్షరాలు ఒక పదం లెక్క). 61 అక్షరాలకు 60 సెకన్లయితే నిమిషానికి 12 పదాలు. తెలుగులో బోల్తా పడేది ఇక్కడే: ‘క్షే’ కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో క, పొల్లు, ష, ఏత్వం కలిపి 4. ఎలా లెక్కపెట్టినా అన్ని పరికరాలకూ అలాగే పెట్టండి. ఇంగ్లిష్ టైపింగ్ అంకెల పక్కన మాత్రం వీటిని పెట్టొద్దు.

చివర వాడిన పరికరానికి అప్పటికే చేయి అలవాటుపడి ఉంటుంది. అందుకే మనిషి మనిషికీ పరికరాలిచ్చే వరుస మార్చండి. 3 పరికరాలుంటే 6 వరుసలొస్తాయి. ఆరుగురికి తలా ఒకటి ఇస్తే సరి. ట్విడ్లర్‌ అనే ఒంటిచేతి కీబోర్డ్ లాంటి వాటిలో రెండుమూడు మీటలు కలిపి నొక్కితేగానీ కొన్ని అక్షరాలు రావు. దాన్ని కొత్తవాళ్ల చేతికిచ్చి పది నిమిషాల్లో తీర్పు చెప్పడం అన్యాయం. కొన్ని రోజులు సాధన చేయించాకే కొలవండి.

తర్వాత బయటికి. హైదరాబాద్ కేబీఆర్ పార్కు నడకదారిలో, మనిషి చేతిలో 2 కిలోల కూరగాయల సంచి పెట్టి చూడండి. వాచీ అసలు రంగు బయటపడుతుంది: అది ఒక చేతికుంటే తాకడానికి రెండో చేయి కావాలి, ఆ చేతిలో సంచి ఉంది! ఎండాకాలమైతే చెమట వేలికి టచ్ సరిగ్గా అందదు. మాటతో నడిచేవాటిని అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర పరీక్షించండి. హారన్ల గోల ఒక ఎత్తు, పక్కనున్నవాళ్లు వింటారని గొంతు తగ్గించడం మరో ఎత్తు.

పక్కనే ఒకరు దారి చూస్తూ నడవాలి. పరీక్షలో రోడ్డు మాత్రం దాటించకండి.