పడగ్గదిలో మొక్కల టెంట్, వాసన మాత్రం బయటికి రాకూడదు

మా పడగ్గది మూలలో నా టెంట్ ఉంది, లైటు కింద మొక్కలు పెంచే జిప్పుల గుడారం. పొడవు, వెడల్పు 80 సెంటీమీటర్లు, ఎత్తు 160. లోపల టమాటా, పుదీనా, తులసి పెంచుతున్నాను. మా ఆవిడకు టమాటా ఆకు వాసన అసలు పడదు. చేపల ఎరువు కలిపిన రోజైతే నాకూ పడదు. వాసన గదిలోకి రానంతవరకే టెంట్ ఆ మూలలో ఉంటుందని మా ఒప్పందం.

వాసన అనగానే అందరూ ఫిల్టర్ కొనడానికి పరుగెడతారు. నేనైతే ముందు గాలి ఏ దారుల్లో బయటికి వస్తోందో చూడమంటాను. గాలి ఎటు వెళ్తే వాసన అటే వెళ్తుంది. ఆ గాలికి ఫిల్టర్ తప్ప ఇంకో దారి లేకుండా చేయడమే అసలు పని.

వాసనను పట్టేసే బొగ్గు నింపిన కార్బన్ ఫిల్టర్‌ను టెంట్ లోపల, పై కడ్డీలకు పట్టీలతో వేలాడదీయండి. వేడిగాలి చేరేది అక్కడికే. ఫిల్టర్‌కు ఫ్యాన్, ఫ్యాన్‌కు డక్ట్ (గాలి గొట్టం) తగిలించి, డక్ట్‌ను టెంట్ బయటికి తీయండి. ఫ్యాన్ గాలిని ఫిల్టర్‌లోంచి లాగేలా ఉండాలి. అతుకుల దగ్గర క్లాంపులు బిగించి అల్యూమినియం టేపు చుట్టండి. డక్ట్ ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. ప్రతి మలుపు దగ్గరా గాలి జోరు తగ్గుతుంది.

ఇప్పుడు జిప్పులన్నీ మూసి ఫ్యాన్ వేయండి. టెంట్ గోడలు కొద్దిగా లోపలికి లాక్కోవాలి. బయటికి ఉబ్బితే ఫ్యాన్ తిరగబడిందో, లోపలికి వచ్చే గాలి ఎక్కువైందో చూసుకోండి. గోడలు మొక్కలకు తగిలేంతగా లోపలికి వస్తే కింది జాలీ కిటికీ ఇంకొంచెం తెరవండి. తర్వాత సన్నటి టిష్యూ ముక్కను జిప్పుల వెంట, డక్ట్ బయటికి వచ్చేచోట పట్టుకుని చూడండి. ముక్క టెంట్ వైపు వంగితే సరే. మీ వైపు వంగితే వాసన వచ్చేది అక్కడి నుంచే.

ఫ్యాన్ సైజుకి పెద్ద లెక్కేమీ లేదు. నా టెంట్‌లో గాలి సుమారు 1 ఘనపు మీటరు. నిమిషానికి ఒకసారి మార్చాలంటే గంటకు 60 ఘనపు మీటర్లు చాలు. కానీ ఫిల్టర్, డక్ట్ కలిసి కొంత జోరు తినేస్తాయి, లైటు వేడి కూడా పోవాలి. అందుకే రెండు మూడు రెట్లు లాగే ఫ్యాన్ తీసుకుని తక్కువ స్పీడులో నడుపుతాను. చప్పుడు తగ్గుతుంది, గాలి కార్బన్‌లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి వాసన కూడా బాగా పోతుంది. ఫిల్టర్ సామర్థ్యం మాత్రం ఫ్యాన్ కంటే తక్కువ ఉండకూడదు.

లైటుకీ ఫ్యాన్‌కీ ఒకే టైమర్ పెట్టకండి. లైటు ఆరాక టెంట్ చల్లబడి తేమ పెరుగుతుంది. అప్పుడే ఫ్యాన్ కూడా ఆగితే లోపలికి లాగే ఒత్తిడి పోతుంది, వాసన జిప్పుల్లోంచి మెల్లగా గదిలోకి వస్తుంది. ఫ్యాన్ 24 గంటలూ తిరగాల్సిందే, రాత్రి స్పీడు తగ్గించుకోవచ్చు. తేమ 70 శాతం దాటితే కార్బన్ రంధ్రాల్లోకి నీరు చేరి వాసన పట్టడం తగ్గుతుంది. అందుకే చిన్న తేమ మీటరు ఒకటి లోపల వేలాడదీశాను.

హెపా ఫిల్టర్ దుమ్ము, పుప్పొడి బాగా పడుతుంది గానీ వాసన వాయువులు దాన్ని దాటిపోతాయి. ఓజోన్ యంత్రాల జోలికి అసలు పోవద్దు. మనం పడుకునే గదిలో ఓజోన్ ఊపిరితిత్తులకు హాని, మొక్కల ఆకులనూ మాడుస్తుంది. రూమ్ స్ప్రే కొడితే రెండు వాసనలు కలిసి ఇంకా ఘోరంగా ఉంటుంది.

కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే ఫిల్టర్‌ను తిట్టకండి, కుండీ కింద పళ్లెం చూడండి. నీళ్లు నిలిచి గాలాడని మట్టి నుంచి ఆ వాసన వస్తుంది. నీళ్లు పారబోసి, మట్టి ఆరనిచ్చి, రాలిన ఆకులు తీసేస్తే చాలాసార్లు అక్కడితో పోతుంది.

ఫిల్టర్ పైనున్న తెల్ల గుడ్డకు దుమ్ము పడితే విప్పి ఉతికి, పూర్తిగా ఆరాకే తొడగండి. నెలకోసారి డక్ట్ చివర ముక్కు పెట్టి చూడండి. జిప్పులు, అతుకులు అన్నీ సరిగా ఉండి కూడా అక్కడ ఆకు వాసన తెలుస్తుంటే కార్బన్ పనైపోయినట్టే. వాడకాన్నిబట్టి ఏడాది, ఏడాదిన్నర వస్తుంది. ఎండలో పెడితే తేమ ఆరుతుంది తప్ప కార్బన్ కొత్తదైపోదు. కొత్త ఫిల్టర్ మొదట్లో నల్లటి పొడి వదులుతుంది, బిగించే ముందు మాస్కు పెట్టుకుని దాన్ని బాల్కనీలో బాగా దులపండి.