థర్మల్ కెమెరా సొంతంగా నేర్చుకుందాం – 4వ పాఠం: రంగు వదిలేయండి, అంకె చూడండి

మిర్చి గోడౌన్లు, కల్లాల దగ్గర కాపలాకు థర్మల్ కెమెరా, అంటే వేడిని చూసే కెమెరా, పెట్టుకున్నవాళ్ల కోసం ఈ పాఠాలు. ఈ పాఠంలో అలారాలు పెట్టడం చెప్తానని పోయినసారి మాటిచ్చాను. చెప్తాను, కాకపోతే చివర్లో. మూడో పాఠం చదివి కెమెరా బిగించి మొదటిసారి తెర మీద బొమ్మ చూసినవాళ్లు పంపిన ప్రశ్నలన్నీ నా ముందున్నాయి. ఇవి తేల్చకుండా అలారం జోలికి వెళ్తే రాత్రంతా హూటర్ మోగుతుంది, పొద్దున్నే మీరే దాని వైరు పీకేస్తారు.

ముందు చిన్నవి. వానకు తడుస్తుందని కెమెరాను ఆఫీసు గదిలో పెట్టి, కిటికీ అద్దంలోంచి యార్డు వైపు తిప్పినవాళ్లు ఒకరిద్దరు కాదు. ఈ కెమెరా చూసేది మామూలు వెలుతురును కాదు, 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య ఉండే వేడి కిరణాలను. మామూలు గాజు వాటిని లోపలికి రానివ్వదు. అందుకే ఈ కెమెరా లెన్సు గాజుతో కాకుండా సాధారణంగా జెర్మేనియంతో చేస్తారు. అద్దం వెనక పెడితే మీకు కనపడేది అద్దం వేడి, అందులో ప్రతిఫలించే మీ సొంత ఆకారం. బయట పెట్టండి, వానకు, దుమ్ముకు తట్టుకునే ఐపీ66 బాడీ ఉన్నది అందుకే. లెన్సు తుడవాల్సి వస్తే ముందు గాలి ఊది దుమ్ము పోగొట్టి, తర్వాత మెత్తటి గుడ్డతో తుడవండి. మిరప దుమ్ము పట్టిన తువ్వాలుతో రుద్దారంటే లెన్సు మీది పూత గీతలు పడుతుంది.

కాసేపటికోసారి 'టక్' మని చప్పుడు వచ్చి బొమ్మ క్షణం ఆగిపోతోందంటే కెమెరా పాడైనట్టు కాదు. లోపలి షట్టర్ సెన్సర్ ముందుకొచ్చి, పిక్సెళ్లన్నిటినీ ఒక స్థాయికి తెచ్చి వెళ్తుంది. దాన్ని ఆపే సెట్టింగు కోసం వెతక్కండి.

రాత్రిపూట మాత్రమే కెమెరా ఆగి మళ్లీ స్టార్ట్ అవుతోందన్నవాళ్లు కేబుల్ కొన చెక్కి చూడండి. పైన రాగి రంగు, లోపల తెల్లటి అల్యూమినియం కనపడిందా, అదే సంగతి. మీరు కొన్న జంట కెమెరాలో మామూలు లెన్సు పక్కనున్న లైటు చీకటి పడగానే వెలుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. పీఓఈ స్విచ్ (నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే స్విచ్) నుంచి 70, 80 మీటర్లు వచ్చిన రాగి పూత వైరు ఆ లోడు మోయలేదు. విజయవాడ గవర్నర్‌పేటలో తక్కువ ధరకు వచ్చిందని చంకలు గుద్దుకుంటే సరిపోదు, అసలు రాగి క్యాట్6 నెట్ కేబుల్ వేయండి. కేబుల్ పొడవుకు చెప్పే వంద మీటర్ల హద్దు కూడా అసలు రాగికే.

ఇంకొకటి. అర్ధరాత్రి రెండింటికి వచ్చిన అలారం ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చినట్టు చూపిస్తోందని అడిగారు. టైమ్ జోన్ ప్లస్ 5:30 పెట్టలేదు, అంతే. ఐపీ అడ్రసు మార్చడం, పాస్‌వర్డ్ పెట్టడం, ఎన్‌వీఆర్‌లో (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టెలో) కెమెరాను కలపడం మామూలు కెమెరాకు ఎలాగో దీనికీ అలాగే, వాటి గురించి మళ్లీ రాయను.

ఇక అసలు విషయం. గుంటూరు దగ్గర మిర్చి గోడౌన్ ఉన్న ఒకాయన రాత్రి పదకొండు దాటాక మెసేజ్ పెట్టారు. "మాస్టారూ, మూడో వరసలో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎర్రగా మండుతున్నాయి, నీళ్లు కొట్టించమంటారా?" కింద తెర ఫోటో. నిజమే, మూడో వరస అంతా కుంకుమ రంగు, చుట్టూ నీలం. అయితే ఆ ఎరుపు పక్కన చిన్న అక్షరాల్లో 31.4 అని ఉంది. నీలం దగ్గర 28.9. రెండున్నర డిగ్రీల తేడా. ఆ వరస పగలంతా పడమటి గోడకు ఆనుకుని ఎండ వేడి పట్టింది, అదే ఇంకా వదుల్తోంది. నీళ్లు కొట్టించి ఉంటే సరుకు మొత్తం బూజు పట్టి పోయేది.

ఈ పొరపాటు నాకు ఎంత చికాకు తెప్పిస్తుందో చెప్పలేను. ఎందుకంటే కంపెనీలు కెమెరాను ఇంద్రధనస్సు రంగుల్లో పెట్టి అమ్ముతాయి, చూడటానికి బాగుంటుందని. అందులో ఎరుపు అంటే వేడి అని కాదు, ఆ క్షణం ఆ బొమ్మలో ఉన్నవాటిలో ఎక్కువ వేడి అని. క్లాసులో అందరూ ఫెయిలైనా ఫస్ట్ ర్యాంకు మాత్రం ఎవడో ఒకడికి వస్తుంది కదా, అలాంటిది. కెమెరా బొమ్మలో అన్నిటికంటే చల్లనిదాన్ని, అన్నిటికంటే వేడిదాన్ని పట్టుకుని, ఉన్న రంగులన్నీ ఆ రెంటి మధ్య పరిచేస్తుంది. దీన్ని ఆటో రేంజ్ అంటారు.

అదే గోడౌన్‌లో పిల్లి వచ్చి టిక్కీల మీద కూర్చుందనుకోండి. ఒక్కసారిగా పిల్లి ఎరుపు, ఎర్రగా ఉన్న మూడో వరస పచ్చగా మారిపోతుంది. టిక్కీ వేడి ఇసుమంత కూడా మారలేదు. పిల్లి దిగిపోతే మళ్లీ ఎరుపు. లారీ లోపలికి వచ్చి ఆగితే దాని ఇంజను, సైలెన్సర్ ఎరుపు రంగంతా తీసేసుకుంటాయి. అప్పుడు నిజంగానే ఒక టిక్కీ 50 డిగ్రీలకు వేడెక్కినా మీకు అది నీలంగా, ఏమీ లేనట్టు కనపడొచ్చు. ఇది మొదటిదానికంటే ప్రమాదం. హమాలీలు దింపుడు పని చేస్తున్నంతసేపూ వాళ్ల ఒళ్లే ఎరుపు. వాచ్‌మన్ టీ ఫ్లాస్కు మూత తీసినా రంగులు కదుల్తాయి. పొద్దున షట్టర్ ఎత్తితే బయటి నేల కనపడి మొత్తం బొమ్మ మారిపోతుంది.

చేయాల్సింది రెండు పనులు. రంగుల పట్టిక తీసేసి 'వైట్ హాట్' పెట్టండి, అంటే వేడి తెల్లగా, చల్లన నల్లగా. ఇది నా అలవాటు. కొందరికి బ్లాక్ హాట్ నచ్చుతుంది, వాళ్లతో నాకు పేచీ లేదు. ఇంద్రధనస్సు మాత్రం వద్దు. రెండోది, ఆటో రేంజ్ ఆపి చేత్తో హద్దులు ఇవ్వండి. మన ఊరి గోడౌన్ లోపలికి 20 నుంచి 70 పెడుతున్నాను. కోల్డ్ స్టోరేజీలో అయితే 0 నుంచి 40. అప్పుడు పిల్లి వచ్చినా టిక్కీ రంగు మారదు. ఆ తర్వాత కూడా నిర్ణయం అంకెను బట్టే, రంగును బట్టి కాదు.

అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఇప్పుడే ఒక స్టీలు గ్లాసులో పొగలు కక్కే నీళ్లు పోసి కెమెరా ముందు పెట్టండి. గ్లాసు పక్క భాగం మీద కర్సర్ పెడితే అసలు వేడి కంటే చాలా తక్కువ చూపిస్తుంది. వేలు పెడితే కాలుతుంది, కెమెరా మాత్రం గది వేడికి కాస్త ఎక్కువ అంటుంది. ఇప్పుడు గ్లాసుకు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, అర నిమిషం ఆగి, టేపు మీద చూడండి. అంకె ఎక్కడికో ఎగబాకుతుంది. ఇందులో మాయేమీ లేదు. మెరిసే లోహం తన వేడిని బయటికి చాలా తక్కువ పంపుతుంది, ఎదుటివాటి వేడిని అద్దంలా తిప్పి కొడుతుంది. ఈ గుణానికి ఎమిసివిటీ అని పేరు. టేపు, గోనెసంచి, మనిషి చర్మం, సిమెంటు గోడ 0.9 పైన ఉంటాయి. మెరిసే కొత్త జింకు రేకు 0.25 ప్రాంతంలోనే ఉంటుంది. అందుకే మీ రేకుల కప్పు నిర్మలమైన రాత్రి ఆకాశాన్ని చూపించి సున్నా కిందికి కూడా పడుతుంది. దాని మీద కొలత పెట్టకండి. కోల్డ్ స్టోరేజీ లోపలి మెరిసే ప్యానెళ్లలో మీ సొంత వేడే మనిషి ఆకారంలో కనపడి భయపెడుతుంది. మీరు చేయి ఎత్తి చూడండి, అదీ ఎత్తుతుంది.

సెట్టింగుల్లో ఎమిసివిటీ 0.95 పెట్టి, గోనె టిక్కీలకు, టార్పాలిన్ పట్టాలకు అదే ఉంచేయండి. రేకు మీదో పైపు మీదో కొలవాల్సి వస్తే అక్కడ నల్ల టేపు అతికించి టేపును కొలవండి. ఇది నా అడ్డదారి, బాగానే పనిచేస్తుంది.

దూరం లెక్క కూడా చూసుకోండి. దూరం మీటర్లలో, సెన్సర్ పిక్సెల్ మైక్రాన్లలో, లెన్సు మిల్లీమీటర్లలో తీసుకోండి. మొదటి రెండూ గుణించి మూడోదాంతో భాగిస్తే, ఒక పిక్సెల్ అక్కడ ఎన్ని మిల్లీమీటర్ల చోటు చూస్తుందో వస్తుంది. 12 మైక్రాన్ల సెన్సర్, 7 మిల్లీమీటర్ల లెన్సు, 30 మీటర్ల దూరం అయితే 360ని 7తో భాగిస్తే 51. అంటే ఐదు సెంటీమీటర్లు. వేడి సరిగా కొలవాలంటే అడ్డంగా మూడు, నిలువుగా మూడు పిక్సెళ్లు నిండాలి, అంటే 15 సెంటీమీటర్ల మచ్చ. పారేసిన బీడీ నిప్పు వందల డిగ్రీలున్నా ఒక పిక్సెల్‌లో అది కొసంత. చుట్టూ ఉన్న చల్లదనంతో కలిసిపోయి అసలు దానికంటే చాలా తక్కువ చూపిస్తుంది. అలాగే కెమెరా చూసేది పైపొరనే. తేమ ఆరకుండా కట్టిన టిక్కీల నెట్టు (ఒకదాని మీద ఒకటి పేర్చిన వరస) మధ్యలో వేడెక్కుతుంటే ఆ వేడి పైకి వచ్చి కనపడేసరికి చాలా ఆలస్యం. నెట్టు లోపలికి గుచ్చే ప్రోబ్ థర్మామీటర్‌ను కెమెరా వచ్చిందని అటక ఎక్కించకండి.

కల్లాల దగ్గర కాపలాకు పెట్టినవాళ్లకు ఒక మాట. రాత్రి మనిషి తెల్లగా మెరుస్తాడని చూశారు, బాగానే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం చూస్తే మనిషి నల్లగా కనపడతాడు. ఆ ఎండ సంగతి రెంటచింతల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నేల కాలిపోతుంటే 35 డిగ్రీల చర్మం దాని ముందు చల్లన. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నేల వేడి, ఒంటి వేడి సమానమయ్యే సమయం వస్తుంది. అప్పుడు మనిషి నేలలో కలిసిపోతాడు. ఆ కాసేపు పక్కనున్న మామూలు లెన్సు మీద ఆధారపడండి, రెండింటిలోనూ మనిషి గుర్తింపు ఆన్ చేసి ఉంచండి. కెమెరాను తూర్పుకో పడమరకో తిప్పి సూర్యుడు ఫ్రేములోకి వచ్చేలా మాత్రం బిగించొద్దు, సెన్సర్ మీద మచ్చ మిగిలిపోతుంది.

ఇప్పుడు అలారం. '60 డిగ్రీలు దాటితే మోగు' అని ఒకే హద్దు పెట్టడం అందరూ చేసే పని. మేలో పట్టా ఎండకు అంత వేడెక్కుతుంది, రోజూ మధ్యాహ్నం మోగుతుంది. పైగా బ్రోషర్ చూడండి, కొన్ని మోడళ్ల కొలత ప్లస్ ఆర్ మైనస్ 2 డిగ్రీలు, కొన్నిటిది 8 డిగ్రీలు. ఎనిమిది తేడా ఉన్నదాన్ని పట్టుకుని కచ్చితమైన హద్దు గీసి లాభం లేదు. తెర మీద కనపడే నెట్టుపై రెండు పెట్టెలు గీసి, వాటి మధ్య తేడా మీద అలారం పెట్టండి. ఎండ రెండిటి మీదా ఒకేలా పడే చోటు చూసుకోండి. ఒకటి రెండోదానికంటే 10 డిగ్రీలు ఎక్కువై 30 సెకన్లు అలాగే నిలబడితేనే మోగాలి. ఎండా కాదు, లారీ కాదు, లోపల ఏదో జరుగుతున్నట్టు. లారీ తిరిగే దారిని మాస్క్ చేసేయండి, అంటే అలారం లెక్కలోంచి తీసేయండి. పై హద్దు కూడా ఒకటి ఉండాలి, ఎండ సోకని గోడౌన్ లోపలైతే 60 చాలు.

వేరే కంపెనీ ఎన్‌వీఆర్ వాడితే ఓఎన్‌వీఐఎఫ్ (వేర్వేరు కంపెనీల పరికరాలు మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి) ద్వారా వీడియో వస్తుంది, వేడి అలారం మాత్రం చాలాసార్లు రాదు. అందుకే హూటర్‌ను కెమెరా వెనకున్న అలారం అవుట్ వైర్లకే కలపండి. 230 వోల్టుల హూటర్ నేరుగా కలిపితే కెమెరా పోతుంది, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టించండి. ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో చూడటానికి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేయమని, అంటే కెమెరాను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవమని, ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల పరికరాల్లోకి దూరింది. వాటిలో కెమెరాలు, డీవీఆర్‌లు చాలా ఉన్నాయి, అన్నీ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టినవే. దానికి బదులు వీపీఎన్ (ఇంటర్నెట్ మీద మీకు మాత్రమే తెరుచుకునే దారి) ఎలా పెట్టుకోవాలో ఐదో పాఠంలో.

అభ్యాసం. ఒక రోజంతా, పొద్దున 6 నుంచి మర్నాడు 6 దాకా, రెండు గంటలకోసారి నాలుగు అంకెలు కాగితం మీద రాయండి: అలారానికి గీసిన మొదటి పెట్టె, రెండో పెట్టె, రేకు మీద అతికించిన నల్ల టేపు, దాని పక్కనే ఉత్త రేకు. రాత్రి రెండింటికి లేవాలా అని అడగొద్దు, లేవాలి లేదా వాచ్‌మన్‌కు చెప్పండి. మొదటి రెండు అంకెల మధ్య ఎక్కువలో ఎక్కువ తేడా ఎంతొచ్చిందో చూసి, దానికి ఐదు కలిపి, అదే మీ తేడా అలారం హద్దుగా పెట్టండి. నేను చెప్పిన 10 వదిలేయండి. ఆ కాగితం పంపనివాళ్లకు ఐదో పాఠంలో సందేహాలు తీర్చను. ఇంద్రధనస్సు రంగుల తెర ఫోటోలు అసలు పంపకండి.