పవర్‌పాయింట్‌లో పాట ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి

స్లైడ్ షోలో పాట పెట్టడం తేలికే. ఎక్కడ ఆగాలో దానికి చెప్పడమే అసలు పని. రిటైర్మెంట్ సభకు 20 స్లైడ్లు చేశారనుకోండి. మొదటి 6 స్లైడ్లు ఫొటోలు, వెనక పాట. 7వ స్లైడ్ దగ్గర ఒకరు మాట్లాడతారు, అప్పుడు చడీచప్పుడూ ఉండకూడదు. 10వ స్లైడ్ నుంచి ఇంకో పాట.

1వ స్లైడ్‌లో ఉండి ఇన్సర్ట్, ఆడియో, ఆడియో ఆన్ మై పీసీ నొక్కి ఫైలు తెచ్చుకోండి. ఇక్కడ లింక్ టు ఫైల్ ఎంచుకోవద్దు. అలా చేస్తే పాట ప్రెజెంటేషన్‌లోకి రాదు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఇంకో కంప్యూటర్‌కి వెళ్లాక మోగదు.

స్లైడ్ మీదికి వచ్చిన స్పీకర్ బొమ్మను క్లిక్ చేస్తే పైన ప్లేబ్యాక్ ట్యాబ్ కనిపిస్తుంది. అందులో ప్లే ఇన్ బ్యాక్‌గ్రౌండ్ నొక్కితే పాట తనంతట మొదలవుతుంది, స్లైడ్లు మారినా సాగుతుంది, అయిపోతే మళ్లీ మొదటికొస్తుంది, షోలో బొమ్మ కనిపించదు. షో అంతా ఒకే పాటైతే ఇది చాలు. మనకు చాలదు. ఎందుకంటే ఇది లోపల 999 స్లైడ్ల తర్వాత ఆగమని రాసిపెడుతుంది. ఆ 999ని 6 చేయాలి.

యానిమేషన్స్ ట్యాబ్‌లో యానిమేషన్ పేన్ తెరవండి. కుడివైపు జాబితాలో పాట పేరు పక్కనున్న బాణం నొక్కి ఎఫెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. స్టాప్ ప్లేయింగ్ కింద ఆఫ్టర్ అన్న చోట 6 వేయండి. పాట ఉన్న స్లైడ్‌ను కూడా కలిపే లెక్క, కాబట్టి 7వ స్లైడ్ రాగానే ఆగుతుంది. తర్వాత ఎప్పుడైనా మధ్యలో ఇంకో ఫొటో స్లైడ్ చేరిస్తే ఈ అంకె దానంతటది మారదు, మీరే 7 చేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. రెండో పాటను 10వ స్లైడ్‌లో పెట్టి, మిగిలిన స్లైడ్లకు 11 వేయండి.

ఇలా ఆగే పాట చరణం మధ్యలో పుటుక్కున తెగుతుంది. ప్లేబ్యాక్‌లోని ఫేడ్ అవుట్ ఇక్కడ ఆదుకోదు, అది క్లిప్పు చివర మాత్రమే పనిచేస్తుంది. ఫొటోలు వాటంతటవే మారేలా సమయం పెట్టి ఉంటే దీనికి చక్కని మార్గం ఉంది. ఒక్కొక్కటి 8 సెకన్ల చొప్పున 6 స్లైడ్లకు 48 సెకన్లు. ట్రిమ్ ఆడియోలో పాటను 48 సెకన్లకు కత్తిరించి, ఫేడ్ అవుట్ 3 సెకన్లు పెట్టి, లూప్ టిక్కు తీసేయండి. ఒకసారి షో నడిపి చూసి, రెండు మూడు సెకన్లు అటూ ఇటూ సర్దుకోండి. పాట మెల్లగా తగ్గి, సరిగ్గా మాట్లాడే మనిషి మైకు అందుకునే వేళకు ఆగిపోతుంది. వినడానికి ఎంత తేడా!

పాట అసలు మొదలవకపోతే ఈ రెండూ చూడండి. ఆ స్లైడ్‌లో క్లిక్‌తో వచ్చే అక్షరాల యానిమేషన్లు ఉంటే, ఆటోమేటికల్లీ అని పెట్టినా పాట జాబితాలో వాటి కింద ఉన్నంతకాలం వాటి వంతు అయ్యేదాకా ఆగుతుంది. పాటను పైకి లాగి, విత్ ప్రీవియస్ ఇవ్వండి. రెండోది, స్టార్ట్‌లో వెన్ క్లిక్డ్ ఆన్ ఉండి, హైడ్ డ్యూరింగ్ షో టిక్కు కూడా ఉండటం. నొక్కడానికి బొమ్మే లేకపోతే పాట ఎలా మోగుతుంది? చేతిలో రిమోట్ క్లిక్కర్‌తో నడిపేవాళ్లకు ఇన్ క్లిక్ సీక్వెన్స్ సరైనది, ఎక్కడ నొక్కినా వరసలో పాట వస్తుంది.

హాల్లో హెచ్‌డీఎంఐ వైరు తగిలించగానే శబ్దం ల్యాప్‌టాప్‌ను వదిలి ప్రొజెక్టర్‌కు వెళ్లిపోవచ్చు. అప్పుడు టాస్క్‌బార్‌లోని స్పీకర్ గుర్తు నొక్కి, మీ స్పీకర్లను మళ్లీ ఎంచుకోండి. బ్లూటూత్ స్పీకర్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, ఫొటో మారే క్షణానికి పాట కలవాలంటే వైరే వాడండి. షో మధ్యలో ఉన్నపళంగా శబ్దం ఆపాల్సి వస్తే కీబోర్డు మీద ఆల్ట్, యు కలిపి నొక్కండి.