ఉద్యోగం ఎంచుకునే ముందు వారాన్ని లెక్కవేయండి

వృత్తిని ఎంచుకునేటప్పుడు చాలామంది హోదాను, జీతాన్ని చూస్తారు గానీ, ఆ పని తమ వారంలో ఎంత భాగాన్ని తీసుకుంటుందో లెక్కవేయరు. వారానికి ఉన్నవి 168 గంటలు. నిద్రకు 56, పనికి 45 తీసివేస్తే 67 మిగులుతాయి. వంట, ఇంటిపని, పిల్లల చదువు, పెద్దల ఆరోగ్యం, స్నేహాలు, వ్యాయామం అన్నీ అందులోనే ఇమడాలి. రానూపోనూ రోజుకు 2 గంటల ప్రయాణం ఉంటే, వారానికి 5 రోజుల చొప్పున 48 వారాలకు 480 గంటలు, అంటే 8 గంటల పనిదినాలు 60, దారిలోనే గడిచిపోతాయి. ఇష్టమైన పనికి గంటలు లెక్కలోకి రావంటారు. ఇంట్లో మనకోసం ఎదురుచూసేవారికి మాత్రం వస్తాయి.

అమెరికన్ మనస్తత్వవేత్త డొనాల్డ్ సూపర్ 1980లో వృత్తిజీవితాన్ని ఇంద్రధనుస్సుగా చిత్రిస్తూ, ఉద్యోగి పాత్రను బిడ్డ, విద్యార్థి, పౌరుడు వంటి ఇతర పాత్రలతో కలిపి చూపించారు. మీరూ ఇప్పటి పాత్రలను, ఐదేళ్లలో రాగల పాత్రలను కాగితంపై రాసి, ఒక్కొక్కదానికి వారానికి ఎన్ని గంటలు కావాలో పక్కన వేసుకోండి.

ఆపైన ఆ వృత్తిలో ఉన్నవారిని “పని ఎలా ఉంటుంది?” అని కాకుండా “నిన్న పొద్దుట నుంచి రాత్రి వరకు ఏం చేశారు?” అని అడగండి. మొదటి ప్రశ్నకు పొగడ్తో ఫిర్యాదో వస్తుంది. రెండవదానికి వరుస సమావేశాలు, భోజనం మధ్యలో ఎత్తిన ఫోన్లు, రాత్రి 10 గంటలకు పంపిన నివేదికలు బయటపడతాయి. ఈ లెక్కను ఏటా వేయనక్కరలేదు గానీ, పాత్రల్లో ఒకటి కొత్తగా చేరినప్పుడు తప్పక వేయాలి.